బ్యాగులు చాలు, మా పాఠం చూసే మనిషిని పంపండి

రాష్ట్రంలో వయోజన విద్య చూసే అధికారులకు, నల్గొండ, మహబూబ్‌నగర్, నారాయణపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాల కలెక్టర్లకు నమస్కారం.

నేను దేవరకొండ వైపు ఒక ఊళ్లోనూ, దాన్ని ఆనుకొని ఉన్న తండాలోనూ రాత్రిపూట చదువు చెప్తాను. పెద్దల చదువు కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన సాక్షర భారత్ పథకం నడిచిన రోజుల్లో గ్రామ కోఆర్డినేటర్‌గా పనిచేశాను. నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనం ఉండేది. 2018 మార్చి 31తో ఆ పథకం ముగిసింది, మా పనీ ముగిసింది. మా చదువు కేంద్రంలోని క్యారమ్ బోర్డు ఎవరింటికి పోయిందో నాకు తెలియదు. చదువుకోవడానికి వచ్చినవాళ్లు మాత్రం ఊళ్లోనే ఉన్నారు కాబట్టి నేను మానలేకపోయాను. ఇప్పుడు పెద్దల చదువు కోసం నడుస్తున్న ఉల్లాస్ అనే కేంద్ర పథకం కింద వాలంటీర్‌ని. వాలంటీర్ అంటే జీతం లేదని అర్థం. దాని గురించి అడగాల్సింది చాలా ఉంది గానీ అది వేరే ఉత్తరం. ఈ ఉత్తరం మాకు ఇచ్చే శిక్షణ గురించి.

ఇంట్లో పెద్దలకూ పిల్లలకూ కలిపి చదువు చెప్పడాన్ని కుటుంబ అక్షరాస్యత అంటారు గానీ, ఆ మాట మా ఊళ్లో ఎవరూ అనరు. 'రాత్రి కూర్చునుడు' అంటారు. అన్నాలు తిని, బర్రెలకు గడ్డి వేసి, ఎనిమిదింటికి తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకొని వస్తారు. పలకలు ఇద్దరికీ ఉంటాయి. పద్నాలుగు కుటుంబాలు. అందులో అయిదిళ్ల నుంచి వచ్చేది తల్లి కాదు, అవ్వ. తల్లీ తండ్రీ పుణెలోనో ముంబైలోనో కట్టడం పనిలో ఉంటారు, పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. పాలమూరు వైపు ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కానీ నేను ఇన్నేళ్లలో కూర్చున్న ఏ శిక్షణలోనూ అవ్వ మాట రాలేదు. తల్లినీ బిడ్డనీ పక్కపక్కన కూర్చోబెట్టి ఎలా చెప్పాలన్న మాటా రాలేదు. పెద్దల చదువు ఒక పాఠం, పిల్లల చదువు ఇంకో పాఠం, రెండూ తెలిస్తే చాలు, కలిపి చెప్పడం అదే వస్తుంది అనుకున్నట్టున్నారు. రాదు.

చివరిసారి వెళ్లిన శిక్షణ సంగతి చెప్తాను. ఎక్కడ, ఎవరు పెట్టారన్నది వదిలేద్దాం. ఫంక్షన్ హాలు. రెండు వందల మందికి పైనే ఉంటాం. పదింటికి రమ్మన్నారు, పదకొండున్నరకు జ్యోతి వెలిగించారు. శాలువాలు కప్పడం అయ్యేసరికి పన్నెండు దాటింది. తర్వాత ఒక సారు తెర మీద పడుతున్న అక్షరాలనే చదివి వినిపించారు. వెనక వరుసల్లో ఉన్న మాకు తెర కనిపించలేదు. మాట మాత్రం రెండుసార్లు వినిపించింది, ఒకసారి మైకులో, ఒకసారి గోడకు కొట్టుకొని తిరిగొచ్చి. భోజనం బాగుంది, అబద్ధం చెప్పను. మధ్యాహ్నం యాప్‌లో పేర్లు ఎక్కించడం నేర్పారు. నాలుగింటికి ఒక బ్యాగు, పెన్ను, నోటుబుక్కు ఇచ్చారు. బ్యానర్ ముందు ఫొటో దిగాం. బస్సులకు టైమ్ అవుతోందని లేచాం. ఆ బ్యాగులో ఇప్పుడు మా ఇంట్లో ఉల్లిగడ్డలు ఉన్నాయి. గట్టి బ్యాగే.

ఆ రోజు నేను నిజంగా నేర్చుకున్నది చాయ్ దగ్గర. నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఒక అక్క నా పక్కన నిలబడింది. వాళ్ల ఊళ్లో సగం ఇళ్లలో కన్నడం, సగం ఇళ్లలో తెలుగు. ఆమె లగ్గం పత్రికలు పారేయకుండా దాచిపెడుతుందట. వెనకవైపు తెల్లగా ఉంటుంది, అట్ట గట్టిగా ఉంటుంది. వాటిని చీటీల్లా కత్తిరించి ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం రాస్తుంది. దీర్ఘం, గుడి, కొమ్ము లాంటి గుర్తులు వేరే చీటీల మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో రాస్తుంది. అక్షరాల చీటీలన్నీ పిల్లవాడికి, గుర్తుల చీటీలన్నీ తల్లికి. పిల్లవాడు 'క' పెడితే తల్లి పక్కన కొమ్ము పెట్టాలి, ఇద్దరూ కలిసి 'కు' అనాలి. తల్లి కదలకపోతే పిల్లవాడి ఆట ఆగిపోతుంది, పిల్లవాడు కదలకపోతే తల్లిది. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ వచ్చో బయటపడదు. ఇదంతా ఆమె బ్యాగులోంచి తీసి స్టూలు మీద పరిచి చూపించింది. పది నిమిషాలు పట్టింది, చాయ్ చల్లారింది. బస్సు తొందరలో ఆమె ఫోన్ నంబరు అడగడం మరిచిపోయాను. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

శిక్షణ పెట్టినవాళ్లకు ఆ అక్క హాల్లో ఉన్నట్టు తెలియదు. రెండు వందల మందిలో ఎవరికి ఏం వచ్చో అడిగే పద్ధతే అందులో లేదు. 1990లలో అక్షరాస్యత ఉద్యమం అప్పుడు కూడా ఇంతేనని ఆ రోజుల్లో పనిచేసిన పెద్దాయన ఒకరు చెప్తుంటారు. కీ రిసోర్స్ పర్సన్ మాస్టర్ ట్రైనర్‌కు చెప్పాలి, మాస్టర్ ట్రైనర్ వాలంటీర్‌కు చెప్పాలి. పైన పోసిన పాలు ఊళ్లోకి చేరేసరికి నీళ్లయ్యేవట. అయితే అప్పట్లో ఊరూరా మీటింగులు ఉండేవి, ఒకరినొకరు చూసుకొనేవారు, అదొక బలం అంటారాయన.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. మీటింగులో ఎవరూ ఇలాంటివి చెప్పరు, అందుకే రాస్తున్నాను.

ఒక తల్లి. ఆమె బిడ్డ నాలుగో తరగతి. రెండు నెలలు వచ్చాక ఒకరోజు ఆమె లేచి, తనంతట తానే బోర్డు మీద ఊరి పేరు, మండలం పేరు రాసి, కింద జిల్లా పేరు రాసింది. వత్తు వదిలేసి, సున్నా వదిలేసి 'నలగొడ' అని రాసింది. నేను అలవాటు కొద్దీ ఎర్ర చాక్‌పీసుతో కొట్టేసి పక్కన సరిగ్గా రాశాను. బిడ్డ కిసుక్కున నవ్వింది. తల్లి ఏమీ అనలేదు, కొంగుతో చేతికి అంటిన సుద్ద తుడుచుకొని కూర్చుంది. మరునాడు రాలేదు. అడిగితే పత్తి ఏరడానికి పోతున్నా, ఒళ్లు నొప్పులు అంది. మూడు వారాలు రాలేదు. బిడ్డ కూడా రాలేదు.

పెద్దవాళ్లకు మాత్రమే చెప్పేటప్పుడు ఈ చిక్కు లేదు. ఒకరి తప్పు చూసి ఇంకొకరు నవ్వుకుంటారు, మళ్లీ వాళ్ల తప్పుకు వీళ్లు నవ్వుతారు. బిడ్డ పక్కన ఉన్నప్పుడు సంగతి వేరు. ఆ ఇంట్లో పొద్దున లేచి ఆ తల్లి మాట చెల్లాలి. ఎర్ర గీత గీసేటప్పుడు నాకు అది తోచలేదు. తర్వాత నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. మొదటి ఇరవై నిమిషాలు తల్లులు లోపల నాతో, పిల్లలు అరుగు మీద ఎనిమిదో తరగతి అమ్మాయిలతో. బిడ్డకు చదివి వినిపించబోయే నాలుగు లైన్లు తల్లి ముందే నా దగ్గర రెండుసార్లు చదువుకుంటుంది. ఆ తర్వాతే ఇద్దరినీ కలుపుతాను. అప్పుడు తడబాటు ఉండదు, ఉన్నా కొంచెమే. ఆ తల్లి ఇంటికి నాలుగుసార్లు తిరిగితే గానీ మళ్లీ రాలేదు. ఈ చిన్న కిటుకు నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ మూడు వారాలు పోయేవి కావు.

ఇలాంటివి తెలిసినవాళ్లు లేకపోలేదు. అమెరికాలోని కెంటకీలో 1980లలోనే తల్లులనూ చిన్నపిల్లలనూ ఒకే బడికి పిలిచి చదువు చెప్పడం మొదలుపెట్టారు. అందులో నాలుగు పనులు ఉన్నాయి. పెద్దల చదువు, పిల్లల చదువు, పిల్లల పెంపకం మీద తల్లిదండ్రుల ముచ్చట, ఇద్దరూ కలిసి కూర్చునే సమయం. మొదటి రెండింటికి మన దగ్గర పుస్తకాలు ఉన్నాయి. మూడోది అంగన్‌వాడీల్లో ఎంతో కొంత జరుగుతోంది. నాలుగోదాని మీద మాకు ఒక్క కాగితం కూడా రాలేదు. మన దేశంలోనూ ప్రథమ్ సంస్థ బీహార్, రాజస్థాన్ పల్లెల్లో తల్లుల చదువు ఒకచోట, ఇంట్లో పిల్లలతో చేయించే పనులు ఇంకోచోట, రెండూ కలిపి మరోచోట నడిపి చూసింది. ఆ ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. రెండూ కలిపినచోట తల్లులు ఎక్కువ నేర్చుకున్నారు. అయితే ఆ తేడా చిన్నదే. నాకు అందులో ఆశ్చర్యం లేదు. తల్లీబిడ్డలు ఒకచోట చేరినంత మాత్రాన అయిపోదు, చెప్పేవాళ్ల చేయి తిరగాలి.

మా తండాలోని ఒక అవ్వ గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. మహిళా సంఘం పుస్తకంలో ఆమెది వేలిముద్ర. మనవడు అయిదో తరగతి. ఒక రాత్రి నేను లెక్క ఇచ్చాను. పదిహేను వేలు అప్పు, నూటికి రెండు రూపాయల మిత్తి, నాలుగు నెలల పది రోజులు. మిత్తి ఎంత? మనవడు 15,000 రాసి, దాని కింద 2 రాసి, గుణించాలా భాగించాలా అని నా మొహం చూస్తున్నాడు. అవ్వ బొటనవేలితో వేళ్ల గణుపులు తడుముతూ, "నెలకు మూడొందలు. నాలుగు నెలలకు పన్నెండు వందలు. పది దినాలకు నూరు. పదమూడు వందలు" అంది. తమలపాకుకు సున్నం రాసేంత సేపు కూడా పట్టలేదు. మనవడు పెన్సిల్ పక్కన పెట్టి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత ఏం చేయాలో నాకు వెంటనే తోచలేదు. చప్పట్లు కొట్టించి వదిలేసేదాన్నే. ఏమనిపించిందో, మనవణ్ని పిలిచి అవ్వ చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టమన్నాను. ఆమె చెప్తూ పోయింది, వాడు రాస్తూ పోయాడు. మొదటి లైనులో 300, రెండో లైనులో 1,200, మూడో లైనులో 100. మొత్తం అయ్యాక అవ్వ ఆ కాగితం లాక్కొని, "ఇండ్ల నా మూడొందలు యాడున్నయ్ రా?" అంది. వాడు వేలు పెట్టి చూపించాడు. ఆమె ఆ అంకె మీద తన వేలు పెట్టి, తర్వాత 1,200 మీద పెట్టి, రెండింట్లోనూ ఉన్న సున్నాలు లెక్కపెట్టుకుంది. మూడు నెలలుగా ఒకటి నుంచి వంద దాకా చెప్తుంటే ఆవలించిన మనిషి ఆమె. మనవడికి ఆ రోజు వడ్డీ లెక్క వచ్చింది, అవ్వకు అంకె వచ్చింది. ఎవరు ఎవరికి చెప్పారంటే నేను చెప్పలేను.

మాకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ముందు అంకెలు, తర్వాత కూడిక, తర్వాత తీసివేత. ఈ అవ్వకు కూడిక నేర్పడానికి నేనెవర్ని? ఆమెకు రానిది రాత ఒక్కటే. ఏం వచ్చో కనుక్కొని అక్కడి నుంచి మొదలుపెట్టడం, మనిషిని మాట్లాడించడం కూడా ఒక విద్య. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా మీద తిరగబడ్డారంటే, రాత్రి బడిలో పాఠం చుట్టూ కూర్చొని మాట్లాడుకున్న మాటల బలం అందులో ఉంది. మాట్లాడించడం ఎలాగో మాకూ ఎవరైనా నేర్పాలి కదా.

భాష సంగతి కూడా చెప్పాలి. తండాలో మొదటి పాఠం 'అమ్మ'తో మొదలుపెట్టమంటారు. అక్కడ అమ్మను యాడి అంటారు, రొట్టెను బాటి అంటారు. ఇంట్లో గోర్ బోలి, దానికి సొంత లిపి లేదు. 'అమ్మ' రాయాలంటే మొదటి రోజే వత్తు వచ్చిపడుతుంది. 'యాడి' రాస్తే రెండు అక్షరాలు, ఒక దీర్ఘం, ఒక గుడి, అంతే. నేను మొదటిసారి 'యాడి' అని బోర్డు మీద రాసి చదివినప్పుడు ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. వాళ్ల మాట అలా రాతలో ఉండటం ఎప్పుడూ చూడలేదు. ఆ వారం ఎవరూ మానలేదు. ఇది ఎవరో పండితులు చెప్తే చేసింది కాదు, మొదటి రోజు పాఠం ఫెయిలైతే చేసింది. దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా ఎన్ని తండాలు ఉన్నాయో, ఎంతమంది వాలంటీర్లు ఎవరికి వాళ్లు ఇదే కష్టం పడుతున్నారో.

2011 జనాభా లెక్కల్లో పాత మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం. ఆడవాళ్లలో చదువు వచ్చినవాళ్లు సగం మంది కూడా లేరు. ఇప్పటి గద్వాల జిల్లా పరిధి విడిగా తీస్తే మొత్తం మీదే 49.87. అవి పాత లెక్కలు, ఈలోగా మారి ఉంటాయి. కానీ అప్పుడు బడికి పోని ఆడపిల్లలే ఇప్పుడు తల్లులు. వాళ్ల పిల్లల కోసం 2022లో బడిలో చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పే తొలిమెట్టు కార్యక్రమం పెట్టి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. అదే తల్లి మా రిజిస్టర్‌లో ఉంటుంది. ఆమె చిన్నబిడ్డ అంగన్‌వాడీ రిజిస్టర్‌లో, ఆమె అప్పు మహిళా సంఘం పుస్తకంలో ఉంటాయి. ఒక్క ఇంటికి నాలుగు పుస్తకాలు, నాలుగు శిక్షణలు. ఆ నాలుగు చోట్ల పనిచేసేవాళ్లనూ ఒకసారి ఒక చాప మీద కూర్చోబెట్టిన శిక్షణ ఒక్కటి కూడా నేను చూడలేదు. ఉల్లాస్ చివర్లో 150 మార్కుల పరీక్ష ఉంటుంది, చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. మంచిదే. తల్లి రాత్రి బిడ్డ పుస్తకం తెరిచి పక్కన కూర్చుంటోందా అన్నదానికి అందులో మార్కుల్లేవు కాబట్టి, శిక్షణలోనూ దానికి చోటు దొరకదు.

నేను అడిగేది ముఖ్యంగా ఒక్కటి. మా పాఠం చూసే మనిషిని పంపండి. పది కేంద్రాలకు ఒకరు చాలు. తనిఖీకి వచ్చేవాళ్లు మాకు తెలుసు, వస్తారు, రిజిస్టర్‌లో సంతకం పెడతారు, హాజరు ఎందుకు తగ్గిందని అడుగుతారు, పోతారు. నేను అడిగేది వాళ్లను కాదు. నెలకు రెండుసార్లు వచ్చి, చెప్పులు విడిచి, తల్లుల మధ్యలో గంటసేపు కూర్చునే మనిషి. వాళ్ల ముందు నోటుబుక్కు తీయకూడదు. నా తప్పు అక్కడే దిద్దకూడదు, నేను ఆ తల్లికి చేసిన పని నాకు చేయకూడదు. అందరూ పోయాక అరగంట ఉండి, "ఆ మూలకు కూర్చున్నామె ఇవాళ ఒక్క మాట కూడా మాట్లాడలేదు, చూశావా?" అని అడగాలి. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి తానే పాఠం చెప్పి చూపించాలి. అలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారంటే ఊళ్లలోనే ఉన్నారు. రిటైరైన టీచర్లు, సాక్షర భారత్‌లో పనిచేసిన పాతవాళ్లు, మంచి అంగన్‌వాడీ టీచర్లు. చాయ్ దగ్గర కలిసిన ఆ అక్క. వీళ్లకు మాత్రం డబ్బు ఇవ్వాలి, పెట్రోలు ఖర్చు ఇవ్వాలి. ఫంక్షన్ హాలు అద్దె, భోజనాలు, బ్యాగులు, బ్యానర్ కలిపి ఎంతవుతుందో మీ దగ్గర బిల్లులు ఉంటాయి. ఆ డబ్బు పెట్టి చూడండి.

చుట్టుపక్కల బళ్ల టీచర్లు ఒకచోట కలిసే కాంప్లెక్స్ మీటింగులు ఉన్నట్టు మాకూ నెలకు ఒక పూట పెట్టండి. పదిహేను మందికి మించొద్దు, బస్సు చార్జీలు ఇస్తే చాలు. ప్రతి ఒక్కరూ ఆ నెలలో చెడిపోయిన పాఠం ఒకటి తెచ్చి చెప్పాలి. బాగా వచ్చినవి ఫొటోల్లో ఎలాగూ వస్తాయి. దీన్ని నడపడానికి కొత్త సంస్థ అక్కర్లేదు. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో డైట్‌లు, అంటే టీచర్లకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థలు, ఉన్నాయి. డైట్‌లు పెట్టినప్పుడు వాటిలో వయోజన విద్య, అనియత విద్య వాళ్ల శిక్షణ కోసమే డీఆర్‌యూ అని ఒక విభాగం అనుకున్నారు. బోర్డు ఎక్కడైనా మిగిలి ఉంటే తుడిచి మళ్లీ పెట్టండి.

పుస్తకాల గురించి రెండు మాటలు. తల్లీబిడ్డలు ఇద్దరూ కలిసి చదివేది కావాలి, పెద్ద అక్షరాలు, పేజీకి రెండు మూడు లైన్లు. తల్లికి మరీ పసిపిల్లల కథలా ఉండకూడదు. నేషనల్ బుక్ ట్రస్ట్ (ఎన్‌బీటీ), 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వేసినవాటిలో అలాంటివి ఉన్నాయి. స్టోరీవీవర్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసుకోవచ్చు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు జనం కడుతూనే ఉన్నారు. అందులోంచి ఊరూరికి తిరిగే పెట్టె ఒకటి, నలభై పుస్తకాలతో, రెండు నెలలకోసారి మారేలా ఇప్పించగలరా? గోర్ బోలి పాటలు తెలుగు లిపిలో ఒక చిన్న పుస్తకం వేయిస్తే ఇంకా సంతోషం. ప్రభుత్వ పాఠాల టీవీ చానెల్ టీ-శాట్‌లో మాకోసం పాఠాలు వేస్తే స్టూడియోలో కూర్చొని చెప్పే ఉపన్యాసం వద్దు. ఒక తండాలో కెమెరా పెట్టి, పిల్లలు అల్లరి చేస్తుండగా, కరెంటు పోయి వస్తుండగా జరిగిన పాఠం చూపించండి.

శిక్షణ తేదీలు పత్తి ఏరే రోజుల్లో పెట్టకండి. మేమూ కైకిలి పోతాం.

ఉల్లాస్ గడువు 2027 మార్చి దాకా. దాని తర్వాత ఏ పేరుతో ఏ పథకం వచ్చినా మేము ఇక్కడే ఉంటాం, అదే అరుగు, అదే అవ్వలు. అందుకే కొత్త పథకం కోసం ఆగకుండా ఈ ఒక్క పని ఇప్పుడే మొదలుపెట్టమని అడుగుతున్నాను. ముందుగా మీలో ఎవరైనా ఒకరు వచ్చి చూస్తామంటే రండి. మంగళవారం, శుక్రవారం తప్ప ఏ రోజైనా సరే, రాత్రి ఎనిమిదింటికి. స్వాగతం బోర్డు పెట్టం, ఫొటోగ్రాఫర్‌ను తేవద్దు. కరెంటు పోతే చార్జింగ్ లైటు ఉంది. చాప మీద కూర్చోవడం మోకాళ్లకు కష్టమైతే ముందే చెప్పండి, పక్కింటి నుంచి కుర్చీ తెప్పిస్తాను.

ఇట్లు,
దేవరకొండ వైపు నుంచి ఒక సాక్షరతా కార్యకర్త